లెక్కలో లేని ఇప్పలు

బోథ్,
మంగళవారం.

మందమర్రిలో ఉన్న, నన్ను కన్న అవ్వకు తిమోతి వందనాలు. ప్రభువు కాపుదలలో నేను క్షేమం. నువ్వూ, నెలలు నిండుతున్న నీ కోడలు ఆరాధనా క్షేమమని తలుస్తాను. ఈ అడవిలో ఫోన్ కలవదు, అందుకే ఉత్తరం.

అక్కడి చెట్లు మన దగ్గరివిలాగే ఉంటాయా అని అడిగావు. ఉండవు అవ్వా. మన కాలనీల చుట్టూ తుమ్మా వేపా తప్ప ఏముంది? ఇక్కడ గుట్టల మీద టేకు, రాళ్ళ గట్లపై అందుగు, వాగు పక్కన మద్ది. మట్టి మారితే చెట్టు మారుతుంది, చెట్టును బట్టి గూడెం వెలుస్తుంది. ఎక్కడ ఏ చెట్లు ఎన్ని ఉన్నాయో అటవీశాఖకు రాసివ్వడమే నా పని. నౌకరి ఖాయమవుతుందా అనీ అడిగావు. వచ్చే నెల కాగితం వస్తుందని మా మల్లేష్ సార్ అన్నాడు. అది పట్టుకుని నువ్వు, దేవుడు నా కొడుకు నౌకరి ఖాయం చేశాడని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పావట. కొన్నాళ్ళు ఆగాల్సింది.

అసలు సంగతి ఇంతదాకా దాచాను. ఎండాకాలంలో వాగు అవతలి అడవిని లెక్కించాల్సిన రోజు కళ్ళు తిరిగి నేను వాగు దాటలేదు. గూడెం పెద్దామె గంగుబాయిని అడిగాను, "గా అడివిల ఏమేం చెట్లున్నయి పెద్దమ్మా, ఎన్నెన్ని ఉంటయి?" అని. ఆమె వేళ్ళు మడుస్తూ టేకు, మద్ది, బిల్లుడు, తునికి అంటూ చెప్పుకుపోయింది. నీడన కూర్చుని రాసుకున్నాను. నడిచి చూశానని సంతకం పెట్టాను. అది దొంగ సంతకం.

ఇప్పుడు ఆ అడవి కొట్టి టేకు మొక్కలు నాటాలని ఆర్డరు వచ్చింది. ఇప్పచెట్లున్న అడవిని కొట్టొద్దని రూలు, అవి ఉంటే ముట్టకపోయేవాళ్ళు. నా లెక్కలో ఒక్కటీ లేదు. పోయిన వారం వెళ్ళి చూస్తే నలభై ఒకటి ఉన్నాయి.

"ఇప్పలు చెప్పకపోతివి గదా పెద్దమ్మా?" అన్నాను.

"నువ్వు చెట్లు అడిగినవు బిడ్డా. ఇప్పలు చెట్లెట్లయితయి? గవి మా ఇండ్లయి. గిది మా అత్తది, గిది నా పెద్దబిడ్డది."

ఇక్కడ ఒక్కో ఇప్ప ఒక్కో ఇంటిదట, రాలిన పువ్వు ఆ ఇంటివాళ్ళే ఏరుకుంటారట. "కొడ్తరంటున్నరు గని, లెక్క రాసింది నువ్వే గదా, మాకేం ఫికర్" అని నాకు అంబలి పోసింది.

లెక్క తప్పితే ఎట్లా అని మల్లేష్ సార్‌ను మెల్లగా కదిపాను. "సంతకం వెట్టి పంపినంక మళ్ల దిద్దుతరా? దిద్దితే ముందుగాల పొయ్యేది నీ నౌకరే" అన్నాడు. శుక్రవారం రంపాలు దిగుతాయి. దిద్దితే నీ సాక్ష్యం అబద్ధమవుతుంది, ఆరాధన కాన్పు నాటికి నేను ఖాళీగా కూర్చుంటాను. దిద్దకపోతే నలభై ఒక్క ఇండ్ల నోటికాడి కూడు తీసినవాణ్ణవుతాను. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను అవ్వా.

తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసి మూడు రోజులైంది. రోజూ ఆఫీసు గడప దాకా పోయి తిరిగి వస్తున్నాను. నాకు భయంగా ఉంది. ఆరాధనకు నువ్వే చెప్పు, నాకు నోరు రాదు. నీకు చెప్పాక నేను మాట మార్చలేనని నీకు తెలుసు. అందుకే ముందు నీకు రాశాను. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, ఆ కాగితం పట్టుకుని అటునుంచి అటే ఆఫీసుకు పోతాను.

ఇట్లు,
నీ కొడుకు
తిమోతి