నేను కోసిన జోలపాట

రమణమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. దండం పెట్టి ఊరుకుందామనుకున్నాను గానీ, ఒక మాట చెప్పక తప్పదు.

ఉయ్యూరు సినిమా హాల్లో నేను ఆపరేటర్‌గా ఉన్నప్పుడు ఒక సినిమాలో జోలపాట రాలేదని గోల పెట్టావు. "రేడియోలో వచ్చింది, సినిమాలో ఎందుకుండదయ్యా?" అన్నావు. "అందులో ఆ పాటే లేదు. మిషను తిప్పేది నేనా, నువ్వా?" అని, ఆ తర్వాత ఎన్నేళ్లు అడిగినా నీ నోరు మూయించాను. అది అబద్ధం. ఆట ఆలస్యమైతే చల్లపల్లి జనానికి చివరి బస్సు దొరకదని ఆ పాట నేనే కోశాను. ప్రింటు వెనక్కి పంపేటప్పుడు అతికించడం మరిచాను. ఆ ముక్కను డబ్బాలో పెట్టి, ట్రంకు పెట్టె అడుగున దాచాను.

ఇప్పుడు వన్‌టౌన్‌లో కొందరు అభిమానులు పాత రీళ్లు పోగేసి, శుభ్రం చేసి, ఇంట్లో టీవీలో చూసుకునేలా బాగుచేస్తున్నారు. ఆ సినిమా ప్రింటు ఒక్కటే దొరికింది, అందులో జోలపాట మాత్రం లేదన్నారు. డబ్బా పట్టుకెళ్లాను. మూత తీస్తే, ఫిల్ము పాడైతే వచ్చే పులిసిన వాసన కొట్టింది. నా తప్పుకి పాట చచ్చిపోయిందనుకున్నాను. వారం తర్వాత ఫోను వచ్చింది. "గీతలున్నాయి గానీ, పాట మొత్తం వచ్చేసిందండీ తాతగారూ!"

నిన్న ఇంట్లో అందరం చూశాం. పాట రాగానే కోడలు, "ఇది సినిమాలోనే లేదని అత్తయ్యగారిని అన్నేళ్లు ఏడిపించారు కదా మావయ్యగారూ!" అంది.

"ఉంది. నేనే కోశాను," అన్నాను.

"నాకెందుకండీ, ఆవిడకి చెప్పండి," అని నీ ఫోటో చూపించింది.

చెప్పాను. కోడలు గట్టిగా చెప్పమంటే గట్టిగానే చెప్పాను. ప్రాణం హాయిగా ఉంది.

నీ మొగుడు