గోడలు లేని అరుగులు

నాయినా,

పర్వత్ పాటియాలో మన తెలుగోళ్ల గల్లీకి కొత్త ప్లాన్ గీస్తున్నారు. ఇళ్ల ముందు అరుగులు తీసేసి బండ్లకు చోటిస్తారట. ఈరోజు కొలతలకు వచ్చిన ఆఫీసరమ్మ "ఇవి దేనికి పనికొస్తాయి?" అని హిందీలో అడిగింది.

అరుగుల మధ్య గోడలు లేవకూడదని నువ్వు గల్లీ అంతటితో పోట్లాడావు కదా.

అమ్మ నూలు కండెలు చుట్టడం ఆపింది. "మా ఆయన కరోనాతోని పోయిననాడు మా ఇంటికి ఎవ్వర్నీ రానియ్యలే బిడ్డా. గల్లీ మొత్తం ఎవరి అరుగు మీద వాళ్లు, పొద్దుగూకేదాక మా దిక్కు చూసుకుంట కూసున్నరు."

అది నేను హిందీలో చెప్పాను. ఆమె టేపు చుట్టేసి, మన అరుగు మీద నువ్వు కూర్చునే మూలలోనే కూర్చుని రాసుకోవడం మొదలుపెట్టింది.

నువ్వు పోయాక అక్కడ ఎవరినీ కూర్చోనివ్వని అమ్మ, ఆమెను లేవమనలేదు. "పో, చాయ్ పెట్టు" అంది నాతో.