గేరులో వేసి దిగిపోతే

బావగారికి,

నమస్కారం. హైవే మీద ఇంజను నెమ్మదిగా తిరిగేలా చేస్తుందని మీరు పంపిన ఓవర్‌డ్రైవ్ పెట్టె నిన్న అందింది. ఆదివారం మీరే వచ్చి ట్రక్కుకు బిగిస్తానన్నారని మీ మేనకోడలు సంబరపడుతోంది. నర్సరీ మొక్కలతో రోజూ హైవే మీద పోయి వచ్చేసరికి ఆ డీజిల్ ఇంజను రొదకు దాని చెవులు గింగురుమంటున్నాయి. అందుకే వద్దనలేను.

కానీ పెట్టెతో వచ్చిన కాగితాలు మూడుసార్లు చదివాను. అసలు గేరుబాక్సు వెనక ఇది రెండోది. దీని రాడ్డు న్యూట్రల్‌లో ఉండిపోతే, ముందున్న అసలు పెట్టెలో గేరు వేసి ఉన్నా బండి నిలవదట. మా గేటు ముందు ఎంత వాలో మీకు తెలుసు. కింద బస్టాపు. అమ్మాయి ఆ వాలు మీదే బండిని మొదటి గేరులో వేసి దిగిపోతుంది. హ్యాండ్‌బ్రేకు ముట్టుకోదు.

నిన్న చెప్పి చూశాను.

"అమ్మ పదేళ్లు అలాగే ఆపింది నాన్నా. ఒక్కసారైనా కదిలిందా? నువ్వు మరీనూ!" అని నవ్వింది.

నిజమే, కదలలేదు. మీ చెల్లెలు పోయిన ఈ నాలుగు నెలల్లో అమ్మ మాట ఎత్తి అది నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు చెడగొట్టలేక మీకు రాస్తున్నాను.

పని అయ్యాక తాళం దాని చేతికి ఇచ్చే ముందు మీరే చెప్పండి. ఆ వాలు మీద ఆపించి, హ్యాండ్‌బ్రేకు వేయించి చూడండి. కేబులు వదులుగా ఉంటే బిగించండి. మీ మాట వింటుంది.

వాళ్ల అమ్మ చేసింది తప్పని మాత్రం అనకండి. బండి మారిందని చెప్పండి, చాలు.

మీ బావ