వద్దన్నది ఎవరు

మార్చి 4

బావ ఇవాళ తన తాడు హుక్కు మూడుసార్లు చూసుకున్నాడు. ఏంటి కొత్తగా అని నవ్వితే, మీ అక్కకి ఏడో నెల, నువ్వు నవ్వకు అన్నాడు. నేను హెలికాప్టర్ నడుపుతా. బావ తాడు మీద దిగి, కొండల్లో చిక్కుకున్న మనిషిని పట్టుకొస్తాడు. తాడు దించేది చిట్టి. పేరుకే చిట్టి, ఆరడుగులుంటుంది.

మా బేస్‌లో రూల్ ఒకటుంది. వెళ్లాలంటే ముగ్గురూ సరే అనాలి. ఆగాలంటే ఒక్కరు వద్దంటే చాలు. వద్దన్నదెవరో బయట చెప్పం, వాళ్లని ఎవరూ ఏమీ అనరు. రేడియోలో పైలట్ ఒకటే మాట అంటుంది, క్రూ వెళ్లట్లేదు అని. చేరిన మొదటిరోజు నాకిది నేర్పింది బావే.

మార్చి 9, సాయంత్రం 6

పదీ నలభైకి కాల్. లోయలో ఒక మనిషి జారిపడ్డాడు. కొండ అంచు మీదికి, రిడ్జ్ మీదికి, మేఘం దిగుతోంది, కానీ సందు ఉంది, దూరి రాగలననిపించింది. చిట్టి బయటినుంచే బొటనవేలు ఎత్తింది. బావ బెల్ట్ బిగించుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. నా చెవి దగ్గరికి వంగి, వద్దమ్మా, ఇవాళ నా వల్ల కాదు అన్నాడు. ఇంకా ఇంజిన్ స్టార్ట్ చేయలేదు, రికార్డర్ నడవట్లేదు. విన్నది నేనొక్కదాన్నే.

క్రూ వెళ్లట్లేదని చెప్పేశాను.

నడిచి వెళ్లిన టీమ్‌కి ఐదు గంటలు పట్టింది. అప్పటికే పోయాడు. సర్వే ఇంజినీర్ అట. అన్నం సహించట్లేదు.

మార్చి 11

పేపర్లో వేశారు. పైలట్ భయానికి నిండు ప్రాణం బలి. పక్కన నా ఫొటో, ట్రైనింగ్ రోజుల్లో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నది. ఇంకోటి దొరకలేదు కాబోలు వెధవలకి. బేస్‌లో ఎంక్వైరీ కూడా వేశారు.

మార్చి 13

అక్కా బావా వచ్చారు. ఆపిల్స్ తెచ్చారు, నేనేదో జ్వరంతో పడుకున్నట్టు. ఎంక్వైరీ మాట ఎత్తితే, అన్నీ సర్దుకుంటాయమ్మా అన్నాడు బావ. తనే చెప్పేస్తాడన్నమాట. ఒక్కసారి చెప్తే చాలు, రూల్ ప్రకారం ఎవరూ అతన్ని ఏమీ అనరు. వాళ్లు వెళ్లాక హాయిగా నిద్రపోయా.

మార్చి 17

పిచ్చిదాన్ని. వట్టి పిచ్చిదాన్ని.

బేస్ చీఫ్ తన రూమ్‌కి పిలిచి తలుపేశాడు. ఎదురుగా కూర్చోబెట్టి బావ స్టేట్‌మెంట్ చదివాడు. నేను బెల్ట్ కట్టుకుని రెడీగా ఉన్నాను, పైలట్ వెనక్కి తగ్గారు, కారణం నాకు తెలియదు. కింద సంతకం. తన పెళ్లి కార్డు మీద నా పేరు ఎంత గుండ్రంగా రాశాడో, అంత గుండ్రంగా ఉంది.

చీఫ్ సూటిగానే అడిగాడు, వద్దన్నది ఎవరు అని. నోటిదాకా వచ్చింది. ఇవాళ ఒక పేరు చెప్తే, రేపు ఏ క్రూలోనైనా భయమేసినవాడు నోరెత్తుతాడా? క్రూ అన్నాను. మళ్లీ అడిగాడు. క్రూ అన్నాను. చీఫ్ పెన్ను మూసేసి, సరే, నీ ఇష్టం అన్నాడు.

బయటికొచ్చి హ్యాంగర్ వెనక నిలబడి ఏడ్చాను. భయపడ్డాడని కాదు. భయం నాకు లేదా ఏంటి? అబద్ధం ఆడాడు. అదీ నామీద.

మార్చి 18

పార్కింగ్‌లో బావని పట్టుకుని అడిగేశాను. తల ఎత్తలేదు. నీకేమ్మా, ఒక్కదానివి, ఎక్కడైనా బతుకుతావు, నాకు పిల్లో పిల్లాడో రాబోతున్నారు, పిరికివాడన్న పేరుతో ఎలా తిరగను అన్నాడు. అక్కకి మాత్రం చెప్పకు అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. కారు తలుపు మీద కొట్టాను. చెయ్యి వాచింది.

మార్చి 21

అక్క ఫోన్ చేసి కడిగేసింది. అంత భయమైతే ముందే మానేయాల్సింది కదే, నీవల్ల మా ఆయనకి తిండీ నిద్రా లేవు అంది. ఊఁ కొట్టాను.

మార్చి 24

ఆర్డర్ వచ్చింది. ఎంక్వైరీలో జవాబు చెప్పనందుకు ఆరు నెలలు ఫ్లయింగ్ బంద్. కంట్రోల్ రూమ్‌లో డెస్క్.

మార్చి 30, రాత్రి 10

జరిగింది జరిగినట్టు రాస్తా.

పదకొండింటికి కాల్. అదే లోయ, ఇంకా చెడ్డ మేఘం. నా సీట్లో ఇప్పుడొక ముసలి పైలట్ ఉన్నాడు, మొండిఘటం. చిట్టి సరే అందట. బావ నోరు విప్పాలి.

డెస్క్ ఫోన్ మోగింది. బావ. హ్యాంగర్ ఫోన్ నుంచి, గొంతు తగ్గించి. నేను వద్దనలేనమ్మా, రెడీగా ఉన్నానని రాసిచ్చినవాణ్ణి, ఏ మొహంతో అనను? నువ్వే కంట్రోల్ నుంచి ఆపించు. ఆ రోజు నా మాట నీమీద వేసుకున్నావు కదా, ఈ ఒక్కసారీ వేసుకో తల్లీ అన్నాడు.

కంట్రోల్ రూమ్ ఫోన్లన్నీ రికార్డ్ అవుతాయి. ఇరవై ఏళ్ల సర్వీసు, ఆ కంగారులో మర్చిపోయాడు. నాకు మొదటి ముక్కకే గుర్తొచ్చింది. బావా, ఇది రికార్డ్ లైన్ అని ఆపేయొచ్చు.

ఆపలేదు. ఏ రోజు, ఏ మాట, సరిగ్గా చెప్పు బావా అన్నాను. మొత్తం చెప్పాడు.

తర్వాత ఫ్లైట్ ఆపించాను. నడిచి వెళ్లినవాళ్లు ఈసారి ప్రాణంతోనే తెచ్చారు.

మార్చి 31

చీఫ్‌ని కలిసి టేప్ వినమన్నాను.

ఏప్రిల్ 3

టేప్ సంగతి బేస్ అంతా తెలిసిపోయింది. తప్పుడు స్టేట్‌మెంట్ ఇచ్చినందుకు బావని తీసేశారు. నన్ను మళ్లీ హెలికాప్టర్ ఎక్కించారు. అక్క ఫోన్ ఎత్తట్లేదు. ఆపిల్స్ సంచీ ఇంకా వంటింట్లోనే ఉంది, తీసి పారేశా. అతను చేసిందానికి తగిన శాస్తే జరిగింది. ఇది పదిసార్లు అనుకున్నా.

ఏప్రిల్ 8

పొద్దున కాల్. రిడ్జ్ కనపడట్లేదు. వెనక్కి తిరిగి అడిగాను. బావ బదులు తాడు మీద దిగే కొత్తవాడు నా మొహం చూసి సరే అన్నాడు. చిట్టి తాడు హుక్కు మూడోసారి చూసుకుంటోంది. వద్దనాలనుంటే అనవే, ఎవరికీ చెప్పను అన్నాను.

లేదు మేడమ్, వెళ్దాం అంది.