ట్యాంకులో దీవి

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే, అందరూ అంటే నేనొక్కదాన్నే. క్షేమమే. నిన్న కొలతలివ్వడానికి కుట్టు షాపుకొచ్చిన టీచరమ్మ ఒక పిల్లల పత్రిక చూపించింది. అందులో నీ ఫోటో, కింద ‘పిల్లల రచయితకు ఇష్టమైన కథాస్థలాలు’ అని ఒక పేజీ. మీ తమ్ముడేనా అని అడిగింది. కాదనేదాన్నే, ముక్కు పట్టిచ్చేసింది.

లైట్‌హౌస్, మంచు గుహ అని రాశావు. ఆ రెండూ నువ్వెప్పుడూ చూడలేదు కనుక ఎవరికీ నష్టం లేదు. కానీ మొదటి స్థానం డాబా మీది ఖాళీ నీళ్ల ట్యాంకుకీ, రెండోది మంచం కింది ట్రంకుపెట్టెకీ ఇచ్చావు. చిన్నతనంలో నువ్వు అంత సంతోషంగా ఇంకెక్కడా లేవట, అవి అక్క కనిపెట్టిన దీవులట. అలాంటివి అచ్చులో వద్దు. ఇకమీదట నీ కథలు చంద్రుడి మీద పెట్టుకో.

ఇట్లు,
అక్క

తా.క. ఫోటోలో చొక్కా భుజాలు జారిపోయాయి. కుట్టింది నేనేననుకుంటారు.

*

అక్కకి నమస్కారాలు.

నీ కోపం అర్థమైంది. దీవులు నువ్వు కనిపెట్టావన్నానే గానీ, నీ గురించి ఇంకొక్క ముక్క రాయలేదు. తప్పు నాదే. సంపాదకుడికి చెబితే పొంగిపోయాడు. వచ్చే సంచికలో నీకు రెండు పేజీలు. ఫోటోగ్రాఫర్ వచ్చి, మన పాత ఇంటి డాబా మీద నిన్ను నిలబెట్టి తీస్తాడు. నువ్వు మూత ఎత్తి నవ్వుతూ ట్యాంకులోకి తొంగిచూడాలట.

నీ తమ్ముడు

తా.క. ఆ ట్యాంకు ఎంత ఉండేది? నా కథలో అందులో ఏనుగు కూర్చుంటుంది. ఎలా పట్టిందని ఒక పాప నిలదీసింది.

*

తమ్ముడికి,

ఆశీస్సులు చివర్లో రాస్తాను, మనసొస్తే.

ఫోటోగ్రాఫర్ని పంపకు. అక్క లేదని చెప్పు. ఊళ్లో లేదని కాదు, అసలే లేదని. ఆ ఇంట్లో ఇప్పుడు పళ్ల డాక్టరున్నాడు, డాబా మీదికి ఎవర్నీ పోనివ్వడు. వెళ్లి అడగకు కూడా. నా గురించి రెండు పేజీలు కాదు, రెండు అక్షరాలు పడినా మళ్లీ నీ మొహం చూడను.

అక్క

తా.క. ఏనుగు పట్టదు. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుంటే నువ్వు పట్టేవాడివి.

*

అక్కకి నమస్కారాలు.

ఫోటో అంటే నీకు మొదటి నుంచీ మొహమాటం. పోనీలే, నీ బదులు వేరే ఎవరినైనా అక్కలా నిలబెడదామంటే సంపాదకుడు సరేనన్నాడు. నీ వయసులో ఉన్నావిడ దొరికింది కూడా, నీకంటే కాస్త నవ్వుమొహం. డాక్టరు గారూ ఒప్పుకున్నారు. శుక్రవారం పొద్దున తీస్తారు. ఆ ఆట ఎలా ఆడేవాళ్లమో ఆవిడకి చెప్పాలి కదా. నాలుగు ముక్కలు రాసి పంపు.

నీ తమ్ముడు

తా.క. ఆ చొక్కా నువ్వు కుట్టిందే.

*

తమ్ముడూ,

అది ఆట కాదు.

నాన్న గోడౌన్ నుంచి వచ్చేటప్పుడు గేటు చప్పుడు వినేదాన్ని. చేత్తో తీస్తే ఆ పూటకి గండం గడిచినట్టే. కాలితో తన్నితే నిన్ను దాచేదాన్ని. వాన లేకపోతే ట్యాంకులో, ఉంటే ట్రంకుపెట్టెలో. నీకు ఐదేళ్లు, నాకు తొమ్మిది. అమ్మ పోయి ఏడాది. నువ్వు ఏడిస్తే ఆయనకి దొరికిపోతావు. అందుకే అది దీవి అన్నాను, మాట్లాడితే మునిగిపోతుందన్నాను. నిన్ను దాచి కిందికి వెళ్లిపోయేదాన్ని. ఆయనకి ఎవరో ఒకరు కనపడాలి కదా.

ఒకరోజు పొద్దున నిన్ను ట్యాంకులో దాచి, సాయంత్రం దాకా పైకి రాలేకపోయాను. మెట్ల మీద పడి చెయ్యి విరిగిందని నీకు చెప్పాను. విరగ్గొట్టింది మెట్లు కాదు. ఎలాగో పైకొచ్చి మూత తీస్తే, నువ్వు లోపల నవ్వుతూ కూర్చున్నావు. వీడికేమీ తెలియలేదు, అది చాలు అనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకుంటూ బతికాను. ఈ మాట చెప్పకుండానే పోదామనుకున్నాను. ఎవరో ఒకావిడ ఆ మూత ఎత్తి నవ్వుతుంటే చూడలేక రాస్తున్నాను.

అక్క

తా.క. కొలతలు తీసేటప్పుడు ఊపిరి బిగబట్టకు. భుజాలు అందుకే జారాయి.

*

అక్కకి నమస్కారాలు.

ఫోటోగ్రాఫర్ ఎవరూ లేరు. సంపాదకుడికి ఏమీ తెలియదు. ఆ డాక్టరు మొహం కూడా నేను చూడలేదు. ఈ ఉత్తరం నీ చేత రాయించడానికే అవన్నీ కల్పించాను. నన్ను తిట్టు, పడతాను.

నాకు రెండోరోజే తెలుసక్కా. ట్యాంకు రేకుకి చెవి ఆనిస్తే కింద చెంచా పడినా వినపడేది. అన్నీ విన్నాను. తర్వాత నువ్వొచ్చి మూత తీసి, వాచిన మొహంతో, దీవి ఎలా ఉందిరా అని అడిగేదానివి. నాకు తెలిసిపోయిందని చెబితే నీకు ఇంకేం మిగులుతుంది? అందుకని తిమింగలం వచ్చిందనో, చిలకలు వాలాయనో చెప్పేవాణ్ని. కథలు చెప్పడం అలా మొదలైంది. ఆ సాయంత్రం నువ్వు చూసిన నవ్వు, నేను మధ్యాహ్నం నుంచీ అభ్యాసం చేసింది.

నువ్వు కూడా లోపలికి ఎందుకు రావడం లేదో మాత్రం అర్థమయ్యేది కాదు. చాలా ఏళ్లకి తట్టింది. గడియ వేయకపోతే ఆ మూత గాలికి కొట్టుకునేది. గడియేమో బయటి వైపు ఉండేది.

నా కొత్త పుస్తకానికి బొమ్మలేసే ఆయన మొన్న పోట్లాటకి దిగాడు. లోకంలో ఏ నీళ్ల ట్యాంకుకీ లోపలి వైపు గడియ ఉండదండీ అన్నాడు. దీనికి ఉంటుంది, వేయండి అన్నాను. వేశాడు.

నీ తమ్ముడు

తా.క. అట్ట మీది బొమ్మ ఇందులో పెట్టాను, చూడు. ముందు దిగుతున్నది అక్క. తమ్ముడు మూత పట్టుకుని నిలబడ్డాడు.