ఎర్రాకుల పుస్తకం

వైశాలి,
అక్టోబరు 2005

నా లలితక్కకు,

ఫోనులో నేను అరవడం, నీకు సగమే వినపడడం, చివరికి ఇద్దరం సరే సరే అనుకుని పెట్టెయ్యడంతో విసుగొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చదువు. నరసాపురంలో ఇంకా వానలేనా? ఇక్కడ ఢిల్లీలో సాయంత్రాలు చల్లబడ్డాయి. నువ్వు కుట్టిచ్చిన బొంత కిందికి దించాను. మంచానికి ఒక పక్కనే పరుచుకుంటున్నాను.

నీ మరిది మే నెలలో పోయినప్పటి నుంచి సంఘంలో ఎవరు కనబడినా "ఎలా ఉన్నారు మార్తమ్మగారూ" అని చెయ్యి పట్టుకుంటారు. దేవుని దయ అంటాను. నీకు మాత్రం నిజం చెబుతాను. నాకు ఏడుపు రావడం లేదు అక్కా, కోపం వస్తోంది. అది ఆయన మీద, ఆయన పుస్తకాల మీద.

ఆయన పుస్తకాల పిచ్చి నీకు తెలిసిందే. ఆఫీసులో స్టెనోగా రోజంతా ఎవరివో మాటలు టైపు కొట్టి వచ్చి, ఇంట్లో అడవుల పుస్తకాలు ముందేసుకునేవారు. ఆదివారం ఆరాధన అయిందో లేదో దర్యాగంజ్ పేవ్‌మెంటు మీద అమ్మే పాత పుస్తకాలకి పరుగు. పులులూ వేటలూ ఉన్న పుస్తకాలైతే నేనూ చూసేదాన్నేమో. ఈయనకి అచ్చంగా చెట్లే కావాలి. అన్నీ చలిదేశాల ఇంగ్లీషు పుస్తకాలు. ఆకులు పచ్చబడడం, ఎర్రబడడం, రాలడం. ఆ ఆకురాలే కాలం మీదే అల్మరాలో రెండు అరలు నిండాయి. మనిషి మాత్రం జన్మలో అడవిలో అడుగు పెట్టలేదు. మారేడుమిల్లి అయినా వెళ్ళొద్దామంటే చూద్దాంలే అనేవారు.

మా షారన్ చిన్నప్పుడు ఆసుపత్రిలో నావి ఎక్కువగా నైట్ డ్యూటీలే కదా. వాళ్ళిద్దరూ మంచం మీద పుస్తకం తెరిచే వేళకి నేను తెల్లచీర కట్టుకుని బస్సుకి బయలుదేరేదాన్ని. మెట్లు దిగుతుంటే ఆయన గొంతు వినపడేది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చెప్పేవారు. పొద్దున్న నేను ఇల్లు చేరేసరికి షారన్ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, ముందు నా బూట్లు తిరగేసి అడుగుభాగం చూసేది. ఏంటే అంటే "కుఛ్ నహీ", ఏం లేదని, తండ్రి వైపు చూసి నవ్వేది. ఆయనా నవ్వేవారు. నేను స్నానానికి పోయేదాన్ని.

ఒకసారి జ్వరం వచ్చి సెలవు పెట్టాను. ఇవాళ నేనూ వింటానని వాళ్ళ పక్కన చేరాను. ఎర్రాకుల బొమ్మ అట్ట మీదున్న పిల్లల పుస్తకం ఒకటి ఉండేది, అది తెరిచి ఉంది. ఆయన నన్ను చూసి పుస్తకం మూసేశారు. "ఈరోజుకి వద్దులే, నువ్వు పడుకో" అన్నారు. జ్వరంతో ఉన్నానని అన్నారో, నేను వచ్చానని అన్నారో! ఆ మాట ఇన్నేళ్ళూ నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. వాళ్ళిద్దరూ ఒక ఇల్లు కట్టుకుని, నన్ను జీతం తెచ్చే మనిషిగా గుమ్మం బయట నిలబెట్టినట్టు అనిపించేది.

వచ్చే ఆదివారం మా సంఘంలో కోత పండుగ. ఆ పుస్తకాలన్నీ చర్చి వేలానికి ఇచ్చేస్తున్నాను. షారన్ బేర్ సరాయ్‌లో గది తీసుకుని పరీక్షలకి చదువుకుంటోంది. దానికి చెప్పలేదు. చెబితే ఇవ్వనివ్వదు. ఆ అల్మరా చూస్తూ నేను ఈ ఇంట్లో బతకలేను అక్కా.

నీ చెల్లెలు,
మార్త

*

వైశాలి,
డిసెంబరు 2005

లలితక్కా,

నీ జవాబు అందింది. పిల్లని అడగకుండా ఇచ్చేశావా అని తిట్టావు. తిట్లు తినవలసిన పనే చేశాను. ఏం జరిగిందో విను, నీకు నవ్వూ వస్తుంది, ఆ తర్వాత నవ్వు ఆగిపోతుంది.

మన ఊళ్ళో కోత పండుగంటే ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఢిల్లీలో ఎవరికి చేలున్నాయి? ఇక్కడ కేకులు, కుండీల్లో మొక్కలు, ప్యాకెట్ విప్పని కుక్కర్లు తెస్తారు. సంఘ పెద్ద పెద్దిరాజు గారు బల్ల ఎక్కి వేలం పాట మొదలుపెట్టారు. నా పుస్తకాల వంతు వచ్చేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది. "అయ్యా, ఇది మన పౌలురాజు గారి లైబ్రరీ. మార్తమ్మగారు ప్రభువుకి ఇచ్చేశారు" అన్నారు. అంతే, ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. ఇంగ్లీషు ముక్క రానివాళ్ళు కూడా పోటీపడి పాడారు. ఒక్కొక్క పుస్తకం ఒక్కొక్కరు. హమ్మయ్య, అల్మరా ఖాళీ అయింది అనుకున్నాను.

మన ఆచారం నేనే మర్చిపోయాను అక్కా. విధవరాలు ఇచ్చిన వస్తువు పాడుకున్నవాళ్ళు దాన్ని ఉంచుకుంటారా? నాన్న పోయిన ఏడు అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె సాయంత్రానికల్లా మన అరుగు మీదికి తిరిగి రాలేదూ? ఆ వారమంతా బెల్లు మోగుతూనే ఉంది. తలుపు తీస్తే చేతిలో పుస్తకం, కళ్ళల్లో నీళ్ళు. "పౌలురాజు గారి జ్ఞాపకం మీ దగ్గరే ఉండాలి సిస్టర్" అని చేతిలో పెట్టి ప్రార్థన చేసి, టీ తాగి వెళ్ళేవారు. నేను వదిలించుకోవాలనుకున్నవి ఒక్కొక్కటే మళ్ళీ ఇల్లు చేరాయి. నవ్వాలో ఏడవాలో తెలియక పాలప్యాకెట్లు తెచ్చుకుంటూ కూర్చున్నాను.

కానీ ఈలోపే, పండుగనాటి సాయంత్రమే, షారన్ చెప్పకుండా ఇంటికొచ్చింది. ఖాళీ అల్మరా ముందు చెప్పులు కూడా విప్పకుండా నిలబడింది. అరవలేదు. "పూఛా భీ నహీ, అమ్మా?" అంది. అడగలేదు అన్నాను. "లాల్ పత్తోంవాలీ భీ?" అంది. ఆ ఎర్రాకులదీ ఇచ్చేశానన్నాను. బ్యాగు భుజాన వేసుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. పుస్తకాలు తిరిగొచ్చాయని చెప్పడానికి ఫోను చేస్తే ఒకటే అడిగింది, ఆ ఎర్రాకులది వచ్చిందా అని. లేదన్నాను. పెట్టేసింది.

అది ఒక్కటే రాలేదు. దాన్ని పాడుకున్నవాళ్ళు మన సంఘం వాళ్ళు కారు. పెద్దిరాజు గారి ఆఫీసులో కొత్తగా చేరిన హైదరాబాదు కుర్రాడు శివరామకృష్ణ, అతని భార్య అనసూయ, పండుగ చూడ్డానికి వచ్చారు. పాడుకున్న వస్తువు తిరిగి ఇవ్వాలని వాళ్ళకెలా తెలుస్తుంది? కొనుక్కున్నాం అనుకున్నారు, పట్టుకెళ్ళారు. అడ్రసు కనుక్కుని వసంత్ కుంజ్ వెళ్ళాను. ఆ పుస్తకం నేల మీద తెరిచి ఉంది. వాళ్ళ పాప భవ్యశ్రీ దాని మీద బోర్లా పడుకుని ఎర్రాకు మీద వేలు పెట్టి గీస్తోంది. "మా పాప దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటది ఆంటీ" అంది అనసూయ. ఇక నోరెలా వస్తుంది? ఇటుగా వచ్చాను, చూసి పోదామని, అన్నాను. ఉప్మా పెట్టింది, తినొచ్చాను.

షారన్ క్రిస్మస్‌కి రానంది. ఆయన లేని మొదటి క్రిస్మస్ అక్కా. మొగుడు పోయాడు, ఇప్పుడు పిల్ల కూడా పోతోందేమో అని భయంగా ఉంది. వార్డులో అందరికీ ధైర్యం చెప్పే నోరు ఇంటికొస్తే పెగలడం లేదు. నా కోసం ప్రార్థన చెయ్యి.

మార్త

*

వైశాలి,
మార్చి 2006

అక్కా,

చాన్నాళ్ళు రాయలేదు. క్రిస్మస్‌కి షారన్ రాలేదు. ఆ రోజు నేనే వేరేవాళ్ళ డ్యూటీ అడిగి తీసుకున్నాను. జనవరి, ఫిబ్రవరి ఎలా గడిచాయో అడగకు. పోయిన వారం మధ్యాహ్నం డ్యూటీ పొద్దుటికి మార్చుకుని, అది దిగగానే యూనిఫాంతోనే బేర్ సరాయ్ వెళ్ళాను. ఇరుకు సందులో ఒక జిరాక్సు షాపు మీద దాని గది. తలుపు తీసి పక్కకి జరిగింది.

కూర్చోకుండానే చెప్పేశాను. ఆ పుస్తకం వసంత్ కుంజ్‌లో ఉందనీ, చిన్నపిల్ల చేతుల్లోంచి లాక్కోలేకపోయాననీ చెప్పాను. పుస్తకాలు ఎందుకిచ్చానో కూడా చెప్పాను. మీ ఇద్దరి మీదా నాకు అసూయ, నన్నెప్పుడూ మీలో కలుపుకోలేదు, ఆఖరికి జ్వరంతో వచ్చి కూర్చున్నా పుస్తకం మూసేశారు అన్నాను. కన్నకూతురి ముందు అలా చెప్పుకోవడం ఎంత సిగ్గో! అది గ్లాసు కడుగుతూ వింది. నా వైపు వింతగా చూసింది. "ఆప్‌కో సచ్ మే నహీ పతా?" అంది. ఏది తెలియదే అంటే చెప్పలేదు. చున్నీ వేసుకుని "చలో" అంది. ఆటో ఎక్కి వసంత్ కుంజ్ వెళ్ళాం.

అనసూయ మమ్మల్ని చూసి సంబరపడింది. "మంచిగ వచ్చిన్రు ఆంటీ. మా పాపకి తెలుగు అర్థమైతది గానీ మాట్లాడదు. మీరు జర ఆ పుస్తకం తెలుగుల చదివి చెప్పున్రి" అంది. పాప పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అన్నేళ్ళ తర్వాత, మొదటిసారి అక్కా, నేను ఆ పుస్తకం తెరిచాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. పేజీకి రెండు వాక్యాలు. అక్టోబరు వచ్చింది, అడవి రంగు మారింది. గాలి వీచింది, ఆకు రాలింది. ఉడుత గింజలు దాచుకుంది. అంతే. ఒక్క మనిషి లేడు. దీనికోసమా ఇంత గొడవ అనుకున్నాను.

"ఐసే నహీ, అమ్మా" అంది షారన్. "నర్స్ కహా గయీ?"

నర్సెక్కడికి పోవడమేంటి, ఏ నర్సే అన్నాను. అది పుస్తకం తన ఒళ్ళోకి తీసుకుంది. పేజీల వైపు చూడకుండా, తండ్రి తెలుగులో, తండ్రి గొంతు దించినట్టే చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో నాతో నాలుగు ముక్కలు తెలుగు మాట్లాడని పిల్ల!

"ఒక అడవిలో ఒక నర్సమ్మ ఉండేది. పగలు పడుకునేది, చీకటి పడగానే తెల్లచీర కట్టుకుని డ్యూటీకెళ్ళేది. ఆవిడకి చెట్లే పేషెంట్లు. ఏడాదంతా కప్పుకుని కప్పుకుని చెట్ల దుప్పట్లు మాసిపోయి ఎర్రబడ్డాయి. నర్సమ్మ ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్ళి, ఏం బాబూ, రాత్రి నిద్ర పట్టిందా, అని అడిగేది. పాత దుప్పటి మెల్లిగా లాగి కింద పడేసేది. కొత్తది వచ్చేదాకా చెట్టుకి చలేస్తుంది కదా, అందుకని పక్కనే కూర్చునేది. అందుకే ఆవిడ రాత్రిళ్ళు ఇంట్లో ఉండదు. పొద్దున్న వచ్చాక ఆవిడ బూట్లు తిరగేసి చూడు. అడుగున ఆకు అంటుకుని ఉంటే, ఆ రాత్రి ఒక చెట్టుకి నయమైనట్టు."

ఏం బాబూ, రాత్రి నిద్ర పట్టిందా. అది నా మాట అక్కా. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి మంచం దగ్గరా నేననే మాట. ఆయనకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు మా వార్డులోనే ఉన్నారు, అప్పుడు విని ఉంటారు. అది విని, ఇంటికి తెచ్చుకుని, ప్రతి రాత్రీ నా పిల్లకి చెప్పారు.

భవ్యశ్రీ కిటికీ వైపు చూసి, "లేకిన్ దీదీ, హమారే పేడ్ కే పత్తే తో అభీ గిర్ రహే హై" అంది. నిజమే, వాళ్ళ చెట్టు ఆకులు ఇప్పుడే రాలుతున్నాయి; పుస్తకంలో అక్టోబరు, ఢిల్లీలో ఆకులు రాలేది మార్చిలో. షారన్ తడుముకోలేదు. ఆ ప్రశ్న తనూ ఒకప్పుడు అడిగే ఉంటుంది. "అక్కడ డ్యూటీ అయ్యాక కదా మన దగ్గరికి రావాలి! బస్సులో వస్తుంది పాపం, లేటవుతుంది" అంది.

నేను వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చాను. మేలో రాని ఏడుపంతా వచ్చింది. అనసూయ కంగారుపడి మంచినీళ్ళిచ్చింది. పుస్తకం అడగలేదు. షారన్ కూడా అడగలేదు. పాప దాన్ని మళ్ళీ దిండు కింద పెట్టేసుకుంది.

బస్టాపుకి నడుస్తుంటే రోడ్డంతా రావి ఆకులు. నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదే అన్నాను. "డాడీ వద్దన్నారు. అమ్మ వింటే సిగ్గుపడి డ్యూటీకి వెళ్ళడం మానేస్తుంది అన్నారు. ఆ రోజు మీరొచ్చి కూర్చుంటే డాడీ చెవులు ఎర్రగా అయిపోయాయి, మీరు చూడలేదా?" అంది. నేను చూడలేదు అక్కా. పుస్తకం మూసిన చెయ్యే చూశాను. ఇద్దరు పిరికివాళ్ళం ఒక ఇంట్లో బతికాం. ఆయన చెప్పడానికి సిగ్గుపడ్డారు, నేను అడగడానికి పంతం పట్టాను.

మనిషి మీద కోపం ఉన్నన్నాళ్ళూ తేలిగ్గానే ఉంది. ఆయనతో ఇంకా పోట్లాడుతున్నట్టు, సాయంత్రానికి ఇంటికొస్తారన్నట్టు ఉండేది. ఇప్పుడు కోపం లేదు. ఇప్పుడే ఆయన నిజంగా పోయారు. మారేడుమిల్లి ఎందుకు వద్దన్నారో కూడా అర్థమైంది. ఆయన అడవి రోజూ పొద్దున్నే బస్సు దిగి ఇంటికొచ్చేది.

ఈ వారం మళ్ళీ నైట్ డ్యూటీ. ఇవాళ పొద్దున్న వచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పాను. ఒకదాని అడుగున ఆకు అంటుకుని ఉంది. దులపలేదు, ఆ జత అలాగే గుమ్మంలో ఉంచాను. షారన్ శనివారం వస్తానంది. అప్పటిదాకా డ్యూటీకి పాత జత వేసుకుని వెళతాను.

నీ
మార్త