శనివారం పార నువ్వే పట్టుకోవాలి

మార్ల్‌ఫీల్డ్,
జూన్ 24, 1991, సోమవారం.

నా తల్లి హెట్టీకి,

అమ్మ ముద్దులు పెట్టి రాసేది. మేం క్షేమం అని మొదట రాయాలంటారు గనక రాశాను. చివరిదాకా చదివితే మా క్షేమం ఏపాటిదో నీకే తెలుస్తుంది. నువ్వు మాత్రం నిజంగా క్షేమంగా ఉండాలి. అక్కడ లివర్‌పూల్‌లో వానలు పడుతున్నాయా? ఇక్కడ చుక్క లేదు, నేల రాయిలా ఉంది. పిల్లి మళ్లీ ఈనింది, నీ పాత బూట్ల పెట్టెలోనే. నా చేతిరాత సంగతి నీకు తెలుసు, ఓపిక పట్టి చదువు.

ఈ శనివారం బడి మైదానంలో మళ్లీ వానపాముల పందెం, ఎవరి గడిలో నేలలోంచి ఎక్కువ వానపాములు పైకొస్తే వాళ్లదే గెలుపు. పేర్లు రాసుకోవడానికి మిసెస్ ఆల్డర్సీ గుమ్మంలోకి వచ్చి, "ఏం డోరీన్, ఎప్పటిలాగే ముగ్గురేనా?" అనేసి నాలుక కరుచుకుంది. ఆమె మొహం చూస్తే నాకే జాలేసింది. "ముగ్గురమే, రాసుకో" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ముగ్గురు లేని ఇంటికి గడి ఇవ్వరు కదా. మీ తమ్ముడు రోలండ్ పార పట్టేవాడు, నేను ఏరేదాన్ని, నువ్వు లెక్కపెట్టేదానివి. మీ నాన్న కంచె అవతల నిలబడి అందరి మీదా అరిచేవాడు.

ఆ నాలుగు ముళ్ల పార రోలండ్ చేతిలో ఉంటే ఎలా ఉండేదో గుర్తుందా? తవ్వకూడదు, నీళ్లు పొయ్యకూడదు. ముళ్లు నేలలో గుచ్చి పిడి కుదుపుతూ ఉండాలి, అంతే. మిగతావాళ్లు చెమటలు కక్కుతుంటే వాడు పాట పాడుకుంటూ కుదిపేవాడు. "రండి రండి, టీ చల్లారిపోతోంది!" అని నేల మీదికి వంగి పిలిచేవాడు. అవి నిజంగానే వచ్చేవి. మాంసం కొట్టు స్టాన్ అయితే, "ఒరే, వీడు పిలిస్తే సమాధిలోంచి మా అత్తగారు కూడా లేచొచ్చేలా ఉందిరా, కాస్త మెల్లిగా పిలవమనండి!" అనేవాడు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. మీ నాన్న బాగోలేడు.

తెల్లవారగానే ఆ పార భుజాన వేసుకుని చర్చికి వెళ్తున్నాడు. రోలండ్ సమాధి పక్కన గుచ్చి కుదుపుతున్నాడు. చేతులు బొబ్బలెక్కి చితికిపోయేదాకా ఆపడు. సమాధుల తోట చూసుకునే ఏమస్ మన వంటింటి గుమ్మంలో టోపీ నలుపుకుంటూ నిలబడి నాతో చెప్పాడు. "నేనెవరితోనూ అనను. గడ్డికి చిల్లులు పడితే పడనీ, మళ్లీ మొలుస్తుంది. కానీ ఆ మొహం చూడలేకపోతున్నాను" అన్నాడు. ఎందుకిలా చేస్తున్నావని నేను అడిగితే మీ నాన్న ఏమన్నాడో తెలుసా? "కుదిపితే కింద ఉన్నవి పైకి వస్తాయి కదా. నేను ఒట్టినే కుదుపుతున్నాను. నా పని నేను చేస్తున్నాను" అన్నాడు.

మొన్న వానపాములు వచ్చాయి. అంత గట్టి నేలలోంచి కూడా వచ్చాయి హెట్టీ. వాటిని దోసిట్లోకి తీసుకుని, "ఇవి వాడి పక్కనుంచి వచ్చాయి, వాడి దగ్గర పడుకుని వచ్చాయి" అని ఒకటే ఏడుపు. పందెంలో మనం ఏం చేస్తాం? పిట్టలు గూళ్లకు చేరేదాకా వాటిని దాచి, చీకటి పడబోతుండగా నేలలో వదులుతాం. అదీ అలాగే చేస్తున్నాడు. బక్కెట్టులో తడి నాచు కప్పి, పిట్ట వాలితే అదిలిస్తూ, పొద్దు గూకేదాకా ఆ రాయి పక్కనే కూర్చుంటున్నాడు. తిండి లేదు. పొలం పని లేదు. ఆ పాల లారీ మన రోలండ్ మోటారు సైకిల్‌ను ఒక్కదాన్నే కాదు, ఈ ఇల్లంతా గుద్దిపోయింది.

ఊళ్లో మాటలు మొదలయ్యాయి. రొట్టెల కొట్లో ఎవతో మన గురించే, "టన్నిక్లిఫ్‌ల ఇంటివాళ్లు ఈసారి ముందునుంచే సాధన చేస్తున్నారటమ్మా, అదీ మెత్తటి నేల చూసుకుని" అంది. నవ్వారు. తర్వాత నన్ను చూసి ఆపేశారు. మిసెస్ ఆల్డర్సీ ఒక్కతే, "నీ పిల్లల్ని ముద్దు పెట్టుకుని నిద్రపోతావు కదే రాత్రికి, నవ్వు" అని ఆమె మొహం మీదే అంది.

నిన్న ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. మంచిగానే చెప్పారు. మిగతా సమాధులవాళ్లు గొడవ చేస్తున్నారట. శనివారం తర్వాత మళ్లీ పారతో కనిపిస్తే గేటుకి తాళం వేయించక తప్పదు, ముందు డాక్టరుకు చూపించండి అన్నారు. ఆ గేటుకి తాళం పడితే ఇక ఈ ప్రాణం నిలవదు. అంతకంటే ఎలా రాయాలో నాకు రాదు.

నువ్వు శనివారం రా. వెళ్లేటప్పుడు నువ్వన్న మాట నాకు గుర్తుంది. "అమ్మా, ఈ ఇంట్లో వాడు పోయాడు, నేను బతికే ఉన్నాను, ఎవరైనా చూశారా?" అన్నావు. నీ కోపం నీ దగ్గరే ఉంచుకో తల్లీ, దాంతోనే రా. నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు. మైదానంలో ఆ గడిలో నిలబడి పార నువ్వు పట్టు. ఆ పార మనుషుల మధ్య, ఎండలో, పిల్లల అరుపుల్లో, బతికున్న చేతుల్లో కనిపించాలి. అదొక్కటే నాకు తోచిన మందు. గెలవక్కర్లేదు. ఒక్కటి రాకపోయినా ఫరవాలేదు.

ఎనిమిదింటి బస్సు ఎక్కితే అందుకుంటావు.

నీ కోసం గుమ్మం వైపే చూస్తుండే
అమ్మ,
డోరీన్

తా.క. మడత పెట్టి అంటించాక మళ్లీ విప్పాను. అబద్ధంతో నిన్ను రప్పిస్తే ఆ రావడం నాకొద్దు. పైన రాసినవన్నీ జరిగాయి. మనిషినే మార్చాను. చర్చికి వెళ్తున్నది మీ నాన్న కాదు, నేను. ఏమస్ వచ్చి చెప్పింది మీ నాన్నకి. ఎందుకిలా అని అడిగింది ఆయన, ఆ జవాబు చెప్పింది నేను. పాస్టరుగారు పిలిచిందీ ఆయన్నే. పాపం ఆ మనిషి మధ్యాహ్నం రొట్టె, జున్ను గుడ్డలో కట్టుకుని వచ్చి, నేను తినకపోయినా, నా పక్కన కూర్చుని బక్కెట్టు మీద పిట్టలు వాలకుండా తోలుతున్నాడు. నీకు నా మీద కోపం గనక నా కోసం రావనీ, ఆయన కోసమైతే వస్తావనీ అలా రాశాను. రేపు కూడా వెళ్తాను, నాకు తెలుసు. ఆగలేకపోతున్నాను హెట్టీ. శనివారం బస్సు దిగి ఇంటికి వెళ్లకు, మైదానానికీ వెళ్లకు, ముందు చర్చికి రా. పార ఇవ్వనంటాను. నిన్ను తిడతాను కూడా. నా మాట వినకు, లాక్కో.